ఎడమపక్క దుర్భిణి

ఆత్మకూరులో మా బ్యాంకు గడప పక్కన ఒక స్టూలు, ఆ స్టూలు మీద ఓబుళేశు, ఓబుళేశు మోకాళ్ల మీద ఒక తుపాకి. మేనేజర్లు వచ్చారు, పోయారు. లెడ్జర్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. కరెంటు పోయినప్పుడల్లా ఆ కంప్యూటర్లూ పోయాయి. స్టూలూ ఓబుళేశూ తుపాకీ మాత్రం కదల్లేదు.

నేను లోపల క్యాషు కౌంటర్లో ఉంటాను. పేరు కేశవయ్య. మా నాయన కిరాణా అంగడి మూతబడ్డాక బ్యాంకులో చేరాను. ఊరు మాత్రం నన్ను ఇంకా శెట్టీ అనే పిలుస్తుంది. పదవీ విరమణ దగ్గరపడుతున్నకొద్దీ మనుషుల మీద నాకు విసుగు పెరిగింది, అది దాచుకునే అలవాటు కూడా పోయింది. ఆ బ్యాంకు మొత్తంలో నాకు విసుగు పుట్టించని మనిషి ఓబుళేశు ఒక్కడే. దానికి కారణం ఉంది. అతను అడిగితే తప్ప మాట్లాడడు.

ఆ తుపాకి గార్డుల దగ్గర మామూలుగా కనిపించే జోడు గొట్టాల రకం కాదు. అమెరికా రైఫిలు. ట్రిగ్గరు చుట్టూ ఇనుప ఉంగరంలాంటి మీట ఒకటి ఉంటుంది. దాన్ని కిందికి గుంజి పైకి కొడితే ఖాళీ తూటా నెత్తిమీదికి ఎగిరిపడి, కొత్త తూటా లోపలికి ఎక్కుతుంది. ఓబుళేశు నాయన దాన్ని ఎవరో అడవి కాంట్రాక్టరు దగ్గర కొన్నాడు. నల్లమల అంచున వాళ్లది పెద్ద సేద్యం. వేరుశనగ చేలో పడే అడవి పందుల కోసం కొన్న తుపాకి అది. తర్వాత శ్రీశైలం డ్యాం కట్టారు. నీళ్లు వెనక్కి తన్ని ఊరూ చేనూ అన్నీ మునిగాయి. నష్టపరిహారం అన్నదమ్ములు పంచుకునే లోపే కరిగింది. ఓబుళేశు వంతుకు తుపాకీ, దాని లైసెన్సూ వచ్చాయి. సొంత తుపాకి ఉన్నవాడికే బ్యాంకు గార్డు ఉద్యోగం ఇస్తారు కాబట్టి అవి రెండూ అన్నం పెట్టాయి. మాకు మిగిలిన భూమి ఇదే శెట్టీ అని ఒకసారి అన్నాడు. ఏడాదికొకసారి తుపాకికి నూనె పెట్టేటప్పుడు నిజంగానే చేను దున్నే మనిషి మొహం పెట్టేవాడు.

పొద్దున బ్యాంకు తెరవకముందు పేపరు చదివి మాకందరికీ వినిపించేది ఓబుళేశే. ఒకరోజు అద్దాలు ఇంట్లో మరిచిపోయానని పేపరు నా చేతికిచ్చాడు. మర్నాడూ అదే మాట. నెల తిరిగినా అద్దాలు ఇంట్లోనే ఉన్నాయి. తర్వాత ఒక వానరోజు, గోడకు తగిలించిన మేనేజరు రెయిన్‌కోటుకు లేచి నిలబడి సెల్యూట్ కొట్టాడు. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. సాయంత్రం నన్ను సైకిల్ స్టాండు వెనక్కి పిలిచి చెప్పాడు.

షుగరు. ఒకరోజు పొద్దున కళ్లు తెరిచేసరికి కుడి కంటికి ఎర్రగుడ్డ అడ్డం పడినట్టయిందట. కర్నూలులో పెద్ద డాక్టరు చూసి, లోపల నరం చిట్లి రక్తం దిగిందన్నాడు, ఆలస్యమైంది, ఇక చూపు రాదన్నాడు. ఎడమది కూడా బలహీనంగానే ఉంది, దానికీ ఎప్పుడో ఒకనాడు ఇట్లాగే ఎర్రగా దిగవచ్చు అన్నాడు. ఈ సంగతి అతని పెళ్లాం గురమ్మకు తెలుసు. ఇప్పుడు నాకు తెలిసింది. గార్డుల్ని పెట్టే ఏజెన్సీకి తెలిస్తే ఆ రోజే స్టూలు ఖాళీ. కూతురు శ్రావణి నర్సు కావాలని కడపలో హాస్టల్లో ఉండి చదువుతోంది, ఆ హాస్టలు ఫీజు ఈ స్టూలు మీదనే నడుస్తోంది. చేను లేదు, ఇంకో పని రాదు. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. అప్పటినుంచి పేపరు చదివే పని నాదయింది. గొంతు నొప్పి అని రోజూ సణిగేవాణ్ణి గాని మానలేదు.

అట్లా నాలుగేళ్లు లాగాడు. అప్పుడు ఏజెన్సీ సూపర్‌వైజరు వచ్చాడు. మిలిటరీలో చేసి వచ్చిన మనిషి, బూట్లు తళతళలాడించుకుంటాడు, మనసు చెడ్డది కాదు. ఎక్కడో ఏదో బ్యాంకులో దొంగలు పడ్డారట. అందుకని పై నుంచి కొత్త ఆర్డరు, గార్డుల ఆయుధాలన్నీ ఆధునికంగా కనిపించాలట. ఓబుళేశు తుపాకిని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది మ్యూజియంలో ఉండాల్సింది అన్నాడు. దీన్ని కొత్తగా చేయించుకుంటావా, లేకపోతే నీ బదులు కుర్రవాణ్ణి ఎవర్నైనా పంపమంటావా అని అడిగాడు. దసరా దాటాక కర్నూలులో కాల్పుల పరీక్ష ఉంటుందనీ, అందులో గురి చూస్తామనీ చెప్పి పోయాడు.

ఆ రాత్రి ఓబుళేశు నిద్రపోలేదని గురమ్మ తర్వాత నాతో చెప్పింది. పొద్దున్నే లేచి ఇంట్లో ఉన్న రెండు గొర్రెపోతులను అమ్మకానికి సంతకు తోలించాడు.

కర్నూలు పాతబస్తీలో దావీదురాజు అని లైసెన్సున్న తుపాకుల రిపేరు అంగడి ఆయన ఉన్నాడు. సెలవు పెట్టుకుని నేనూ వెంట వెళ్లాను. దావీదురాజు హైదరాబాదు నుంచి తెప్పించిన సరుకంతా బల్ల మీద పరిచాడు. భుజానికి ఆనించే నల్ల ప్లాస్టిక్ మడమ, దాని వెనక రబ్బరు మెత్త, గొట్టం కింద బిగించే టార్చిలైటు, పక్కన తూటాలు గుచ్చుకునే పట్టీ, భుజానికి వెడల్పాటి నైలాను బెల్టు. అది తుపాకా, పెళ్లికొడుకా అన్నాను. ఎవరూ నవ్వలేదు. పాత టేకు రంగు కట్టె మడమను విప్పి పక్కన పెట్టగానే ఓబుళేశు దాన్ని తువ్వాలలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

చివరిది దుర్భిణి. దావీదురాజు దాన్ని స్కోపు అన్నాడు, ఓబుళేశు మాత్రం చివరిదాకా దుర్భిణి అనే అన్నాడు. దాని దగ్గర చిక్కొచ్చింది. అన్ని రైఫిళ్లకూ దుర్భిణి నడినెత్తిన పెడతారు. ఈ రకానికి ఖాళీ తూటా పైకే ఎగురుతుంది కాబట్టి నెత్తిన పెడితే వెళ్లి దానికే కొట్టుకుంటుంది. అందుకని ఎడమపక్కకు జరిపి బిగించాలి, దానికోసం పక్క ఇనుములో బెజ్జాలు వెయ్యాలి. పాత ఇనుము, బెజ్జాలు వెయ్యడం నాకే మనసొప్పదు అని దావీదురాజు అన్నాడు. ఓబుళేశు వెయ్యమన్నాడు. ఎంత పక్కకు అని అడిగితే, ఇంకా, ఇంకా అని జరిపిస్తూ పోయాడు.

"ఇంత పక్కకి ఎవురూ పెట్టిచ్చుకోరప్పా. కుడి భుజానికి ఆనిచ్చి, ఎడమ కంటితో సూస్తావా ఏమి?" అన్నాడు దావీదురాజు.

"నాకి మెడ వంకర," అన్నాడు ఓబుళేశు.

అప్పుడు నాకు అర్థమైంది. గొర్రెపోతులు పోయింది ఏజెన్సీ షోకుల కోసం కాదు. కుడి కన్ను లేదు. జీవితమంతా కుడి భుజం మీద కాల్చిన మనిషికి ఈ వయసులో ఎడమ భుజం వంగదు. దుర్భిణి అంత పక్కనుంటే భుజం కుడిదే, కన్ను ఎడమది. నెత్తిన పెట్టడానికి వీల్లేని ఆ పాత తుపాకి లోపమే అతనికి దారి చూపింది. నాకు అతని తెలివిని మెచ్చుకోవాలనిపించింది. ఇంత తెలివి ఒక స్టూలు కోసం.

డ్రిల్లు తిరుగుతున్నంతసేపూ ఓబుళేశు వీధిలోకి పోయి నిలబడ్డాడు. బిగించడం అయ్యాక పిలిస్తే వచ్చి, తూటాలు లేని తుపాకిని భుజానికి ఆనించి, గడపలో నిలబడి ఎదురుగా ఉన్న గోడవైపు చూశాడు. చాలాసేపు చూశాడు. పెదాలు కదులుతున్నాయి. ఏమిటని దగ్గరికి పోతే, రోడ్డు అవతలి బోర్డును కూడబలుక్కుని చదువుతున్నాడు.

"టైర్లకు... పంచర్లు... వేయబడును," అన్నాడు. తర్వాత నావైపు తిరిగి మెల్లగా, "శెట్టీ, అచ్చరాలు కనపడినాయి," అన్నాడు.

పేపరు మడిచి నాకిచ్చిన రోజు తర్వాత అతను చదివిన మొదటి మాట అది. నేను పంచర్ల అంగడివాడికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఆ తర్వాత బ్యాంకుకు వచ్చిన ప్రతివాడూ తుపాకి దగ్గర ఆగి చూసేవాడు. సినిమా తుపాకి అనేవాళ్లు. దాంతో ఓబుళేశుకు ఒరిగిందేమీ లేదు, బరువు మాత్రం పెరిగింది. సాయంత్రానికి భుజం పట్టేసి చెయ్యి పైకి లేచేది కాదు. బ్యాంకులో తుపాకి ఎత్తి గురి చూడకూడదని రూలు, అందుకని దుర్భిణికి రెండువైపులా రబ్బరు మూతలు పెట్టి ఉంచేవాడు. అన్నం తినేటప్పుడు ఒకసారి, ఇంగ శానా అలసటగా ఉండాది శెట్టీ అన్నాడు. పని వల్లనా అన్నాను. కాదు, ప్రతి పొద్దూ కళ్లు తెరిచే ముందు కొంచెంసేపు అట్లాగే పడుకుంటాడట. తెరిస్తే ఎర్రగా కనపడుతుందేమోనని. ఆ కొంచెంసేపే రోజంతటి కంటే ఎక్కువ అలుపు అన్నాడు. నేను మజ్జిగ అతనివైపు జరిపాను.

దసరాకు ముందు రోజు బ్యాంకులో ఆయుధపూజ చేశాం. సేఫు తాళాలకు బొట్టు, నోట్లు లెక్కపెట్టే మెషిన్‌కు బొట్టు, జనరేటరుకు బూడిద గుమ్మడికాయ, మేనేజరు కారు చక్రాల కింద నిమ్మకాయలు. కంప్యూటర్ల అద్దాలకు బొట్లు పెట్టొద్దని మేనేజరు మొత్తుకుంటూనే ఉన్నాడు, ఊడ్చే హులిగెమ్మ పెడుతూనే ఉంది. ఓబుళేశు పొద్దున తలంటుకుని వచ్చాడు. తుపాకిని బల్ల మీద పడుకోబెట్టి గొట్టం కొస నుంచి మొదలుపెట్టాడు. టార్చికి, పట్టీకి, ప్లాస్టిక్ మడమకు కూడా గంధం రాసి కుంకుమ పెట్టాడు. చివరగా దుర్భిణి ముందు మూత తీశాడు. కళ్లు మూసుకుని కాసేపు నిలబడ్డాడు. గంధం, దానిమీద మందంగా కుంకుమ అద్ది, మళ్లీ జాగ్రత్తగా మూత పెట్టాడు. ఆ రోజు బొట్టు పడని వస్తువు బ్యాంకులో లేదు కాబట్టి నాకు అందులో వింతేమీ కనిపించలేదు. ఆయుధపూజ బొట్టు ఎవరూ తుడవరు, అది తనంతట తాను రాలిపోవాలి.

పండగ వెళ్లిన వారం కర్నూలులో పరీక్ష. బ్యాంకు తరఫున ఒకరు సాక్షి సంతకం పెట్టాలంటే నేనే వెళ్లాను. ఊరి బయట గుట్ట కింద పోలీసులు కాల్పులు నేర్చుకునే మైదానం. ఎండకు గడ్డి మాడిపోయి ఉంది. ఏడెనిమిది మంది గార్డులు, అందరూ అలిసిపోయిన ముసలివాళ్లే, వరసగా గోనెసంచుల మీద పడుకుని కాలుస్తున్నారు. ఓబుళేశు వంతు వచ్చింది. పడుకున్నాడు. కాయితాలు పట్టుకుని నేను వెనక నిలబడ్డాను. మీట గుంజాడు, తూటా ఎక్కింది. దుర్భిణి మూతలు రెండూ తీశాడు. కుడి భుజానికి ఆనించి ఎడమ కన్ను దగ్గర పెట్టాడు.

తుపాకి పేలలేదు. కొట్టవయ్యా అన్నాడు సూపర్‌వైజరు. ఓబుళేశు వేలు ట్రిగ్గరు మీది నుంచి తీశాడు. కళ్లు గట్టిగా మూసుకుని, తుపాకిని మెల్లగా గోనె మీద పెట్టి, మొహాన్ని మోచేతి మడతలో దాచుకున్నాడు.

"సారూ, నా కన్ను పోయింది," అన్నాడు.

దుమ్ము పడిందేమో, నీళ్లు పోసి కడుక్కోమన్నాడు సూపర్‌వైజరు.

"దుమ్ము కాదు సారూ. కుడిది పోయి నాలుగేండ్లాయ. ఎవురికీ సెప్పల్యా. ఈ కంటితోనే లాక్కొస్తాండా. ఇప్పుడు ఇది గూడా పోయింది. ఎర్రగుడ్డ పడింది."

మైదానంలో కాల్పులు ఆగిపోయాయి. నాలుగేళ్లు నోట్లో పెట్టుకుని కాపాడిన మాట, అంతమంది ముందర. నేను అతని పక్కన కూలబడ్డాను. ఏం చెయ్యాలో తెలియక తుపాకి దగ్గరికి వంగి దుర్భిణిలోకి చూశాను. నాకూ ఎర్రగానే కనిపించింది.

ముందువైపు తిప్పి చూస్తే, అద్దం నిండా ఎండిపోయిన గంధమూ కుంకుమా. మూత కింద ఉండటంతో గింజంత కూడా రాలలేదు. నా చేతిరుమాలు ఉమ్మితో తడిపి తుడిచాను.

"కళ్లు తెరువప్పా ఓబుళేశా," అన్నాను.

"వద్దు శెట్టీ. తెరిస్తే ఖాయమైపోతాది."

మాటలతో పని కాదని చేతిరుమాలు అతని ముక్కు దగ్గర పెట్టాను. గంధం వాసన తగిలింది. కాసేపు అట్లాగే పీల్చాడు. తర్వాత ఎడమ కన్ను తెరిచాడు. ముందు రుమాలు మీది ఎరుపు, తర్వాత నా మొహం, దాని వెనక గుట్ట చూశాడు. కన్ను ఆరోగ్యంగా ఉండాలని తన చేత్తో తానే పెట్టుకున్న బొట్టు అది. ఎవరో గార్డు కిసుక్కున నవ్వాడు, వెంటనే ఆపేశాడు.

సూపర్‌వైజరు టోపీ తీసి, మాకు మాత్రమే వినిపించేలా మా దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"నేను ఏమీ వినల్యా. మూడు గుండ్లు కొట్టు, సంతకం పెట్టి పంపిస్తా," అన్నాడు.

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. తుపాకి అతనివైపు తోశాను. ఓబుళేశు మళ్లీ ఆనించాడు, చూశాడు. బోర్డు మీద మూడో నెంబరు, నల్ల చుక్క, అన్నీ కనపడుతున్నాయని చెప్పాడు. అతను కాల్చలేదు. మీట కిందికి గుంజి పైకి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. పేలని తూటాలు ఒక్కొక్కటే పైకెగిరి గోనె మీద పడ్డాయి. తుపాకి ఖాళీ అయ్యేదాకా గుంజి, తూటాలన్నీ ఏరి జేబులో వేసుకుని, లేచి కూర్చున్నాడు.

"దినామూ పొద్దున కన్ను తెరిసేకి భయపడతాండా సారూ. ఈ పొద్దు ఆ భయమంతా అయిపోయింది. సెప్పేసినాక శానా తేలిగ్గా ఉండాది. ఆ భయాన్ని మళ్లా ఎత్తుకోలేను," అన్నాడు.

సూపర్‌వైజరు టోపీ పెట్టుకుని లేచాడు. ఓబుళేశు లేవడానికి చెయ్యి అందించాడు.

బస్టాండులో నాకు కోపం ఆగలేదు. అంత మంచిగా దారి చూపిస్తే కాదంటావా, శ్రావణి హాస్టలు ఎవరు కడతారు, గొర్రెపోతులు ఎందుకమ్మావు, నేను నాలుగేళ్లు గొంతు చించుకున్నది ఎందుకు అని నోటికొచ్చినవన్నీ అన్నాను. పక్కన టీ తాగేవాళ్లు చూస్తున్నా ఊరుకోలేదు. ఓబుళేశు అంతా విని, బంకు దగ్గర రెండు టీలు చెప్పాడు. హాస్టలు సంగతి గురమ్మా తనూ చూసుకుంటామన్నాడు. ప్లాస్టిక్‌ది పీకేసి పాత కట్టె మడమ బిగిస్తాననీ, బెజ్జాలు మాత్రం పూడవనీ అన్నాడు. గ్లాసు నా చేతికిచ్చాక అసలు మాట చెప్పాడు.

"రేపు ఎవుడన్నా దొంగోడు వచ్చి, ఆ పొద్దే నాకి ఎర్రగుడ్డ పడితే నేను ఎవుర్ని కాలుస్తానో నాకే తెల్దు. గడపకి ఎదురుగా కౌంటర్లో ఉండేది నువ్వే గదా శెట్టీ."

టీ తాగి గ్లాసు పెట్టేశాను.

బస్సు కిక్కిరిసి ఉంది. ఎట్లాగో ఇద్దరికీ సీటు దొరికింది. తుపాకి సంచి మా ఇద్దరి మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకున్నాం. దాని బరువు నాకు అప్పుడే తెలిసింది, ఇంత దాన్ని రోజంతా ఎట్లా మోశాడో అనుకున్నాను. ఊరు దాటాక ఎవరో దిగిపోతూ సీటు మీద వదిలేసిన పేపరు ఓబుళేశు అందుకున్నాడు. అద్దాలు ఇంట్లో మరిచాననబోతున్నాడనుకుని అలవాటుగా చెయ్యి చాపాను.

"నాకి అచ్చరాలు కనపడవు. కండ్లు పోయినాయి. నువ్వు సదువు శెట్టీ," అన్నాడు, బస్సంతా వినేట్టు.

ముందు సీటులోని ముసలామె వెనక్కి తిరిగి అతన్ని చూసింది. ఓబుళేశు ఆమెకు తల ఊపాడు, సిగ్గుపడలేదు. నేను పేపరు విప్పాను. మొదటి రెండు లైన్లు నాకూ సరిగ్గా కనపడలేదు, తుడుచుకుని మొదలుపెట్టాను. వానల వార్త, వేరుశనగ ధరల వార్త చదివాను. దారిలో నందికొట్కూరు రాకముందే అతని తల నా భుజం మీద వాలింది. ఇన్నేళ్లలో అతను కూర్చుని కునుకు తీయడం నేనెప్పుడూ చూడలేదు. చదవడం ఆపితే లేస్తాడేమోనని, టెండర్ల ప్రకటనలు కూడా వదలకుండా ఆత్మకూరు వచ్చేదాకా చదువుతూనే ఉన్నాను.